కళాశాల రేడియోలో స్థానిక సమాచార కార్యక్రమం: ప్రణాళిక, తయారీ

కళాశాల ప్రాంగణంలోని కమ్యూనిటీ రేడియోలో, అంటే చుట్టుపక్కల జనం కోసం నడిచే చిన్న రేడియో కేంద్రంలో, వారం వారం ఒక స్థానిక వార్తా కార్యక్రమం చేయాలనుకునే విద్యార్థులు ముందుగా నిబంధనలను చదువుకోవాలి. మన దేశంలో ఇటువంటి కేంద్రాలు ఆకాశవాణి వార్తలను యథాతథంగా తిరిగి ప్రసారం చేసుకోవచ్చు గాని, సొంతంగా వార్తలు, వర్తమాన రాజకీయ విషయాలు ప్రసారం చేయడానికి అనుమతి లేదు. అయితే స్థానిక క్రీడల విశేషాలు (ప్రత్యక్ష ప్రసారం మినహా), ట్రాఫిక్, వాతావరణం, పండుగలు, సాంస్కృతిక కార్యక్రమాలు, పరీక్షలు, ఫలితాలు, ప్రవేశాలు, ఉద్యోగావకాశాలు, స్థానిక యంత్రాంగం అందించే కరెంటు, నీటి సరఫరా, విపత్తు, ఆరోగ్య ప్రకటనలు ఈ నిషేధం కిందికి రావు. చూడబోతే ఇది చిన్న జాబితా కాదు. దినపత్రికల జిల్లా పేజీల్లో పాఠకుడికి ఆ రోజున నిజంగా పనికివచ్చే భాగం చాలావరకు ఇందులోనే ఉంది. కార్యక్రమానికి ‘వార్తలు’ అని కాక ‘మన ఊరి సమాచారం’ వంటి పేరు పెట్టుకుంటే వినేవారికీ, చేసేవారికీ హద్దు స్పష్టంగా ఉంటుంది. జాతర ప్రారంభానికి ఎమ్మెల్యే వచ్చారనుకోండి, జాతర వేళలు, బస్సుల ఏర్పాట్లు చెప్పి, ఆయన ప్రసంగంలోని రాజకీయాలను వదిలేయాలి.

తరువాత తేల్చుకోవలసినది ‘స్థానికం’ ఎంత మేర అన్నది. కమ్యూనిటీ రేడియోకు సాధారణంగా అనుమతించేది వంద వాట్ల ప్రసార సామర్థ్యం మాత్రమే కనుక, కేంద్రం చుట్టూ సుమారు పది కిలోమీటర్లు దాటాక ప్రసారం బలహీనపడుతుంది. మ్యాపు మీద ఆ వృత్తాన్ని గీసి, అందులోకి వచ్చే ఊళ్లు, వార్డులు, కార్యాలయాలు, బడులు, మార్కెట్ యార్డులను రాసుకుంటే అదే మీ సమాచార వనరుల పట్టిక అవుతుంది. 2008లో జహీరాబాద్ దగ్గరి మాచనూరులో మొదలైన సంఘం రేడియో చుట్టుపక్కల గ్రామాల మహిళల మాటల్లో, వారి సేద్యం, వారి పంటల గురించే నడిచింది. విద్యార్థులు దాని నుంచి నేర్చుకోవలసినది ఆ స్థానికతనే. రాజధాని విశేషాలు చెప్పడానికి వేరే వాళ్లున్నారు.

బృందానికి ఆరుగురు చాలు. పనులు పంచుకునేటప్పుడు ఒక్కొక్క కార్యాలయాన్ని ఒక్కొక్కరికి శాశ్వతంగా అప్పగించడం మంచిది. కరెంటు సబ్‌స్టేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సిబ్బందికి వారం వారం కొత్త ముఖం కనిపిస్తే సమాచారం రాదు. తెలిసిన విద్యార్థి అయితే వాళ్లే ఫోను చేసి చెబుతారు. నోటిమాటగా విన్నదాన్ని ప్రసారం చేయకుండా, ప్రకటన ప్రతిని గాని, అధికారి పంపిన వాట్సాప్ సందేశాన్ని గాని దాచుకోవాలి.

అసలు కష్టమంతా రాతలో ఉంటుంది. కార్యాలయం నుంచి వచ్చే ప్రకటన సాధారణంగా ఇలా ఉంటుంది: ‘మరమ్మతుల నిమిత్తం బుధవారం ఉదయం 9.00 గంటల నుండి మధ్యాహ్నం 1.00 గంట వరకు రైతుబజారు, పాత బస్టాండు ఫీడర్ల పరిధిలో విద్యుత్ సరఫరా నిలిపివేయబడును. కావున వినియోగదారులు సహకరించవలసినదిగా కోరడమైనది.’ కంటితో చదివేవాడు వెనక్కి వెళ్లి మళ్లీ చూసుకోగలడు గాని, పొయ్యి దగ్గర నిలబడి వింటున్న మనిషికి ఆ వెసులుబాటు లేదు. పైగా వేళ చెప్పేశాక ఊరి పేరు వస్తే, ఆ మాట తమ గురించేనని తెలిసేలోపే వేళ చెవి దాటిపోతుంది. అందుకే ముందు ఎవరికో చెప్పి, తరువాత ఏమిటో, ఎప్పుడో చెప్పాలి: ‘రైతుబజారు, పాత బస్టాండు ప్రాంతాల వారికి ఒక మాట. బుధవారం ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా మీకు కరెంటు ఉండదు. లైన్ల మరమ్మతులు జరుగుతాయి. మోటార్లు వేసుకునేవారు తొమ్మిదిలోపే నీళ్లు పట్టుకోండి. మళ్లీ చెబుతున్నాం, బుధవారం, తొమ్మిది నుంచి ఒంటిగంట.’ అంకెలను అక్షరాల్లో రాసుకుంటే చదివేవారు తడబడరు. ప్రతి అంశాన్నీ రాసినవారు కాక మరొకరు పైకి చదివి చూడాలి. ఊపిరి అందని చోట వాక్యాన్ని రెండుగా విరవాలి.

పదిహేను నిమిషాల కార్యక్రమంలో మొదటి అర నిమిషం ముఖ్యాంశాలకు, నాలుగైదు నిమిషాలు ప్రకటనలకు, మరో నాలుగు నిమిషాలు ఒకే విషయంపై బయట చేసిన ఇంటర్వ్యూకు కేటాయించి, మిగిలినది క్రీడలు, పరీక్షలు, వాతావరణాలకు ఉంచుకోవచ్చు. కార్యక్రమం మొదట్లో వినిపించే సంకేత సంగీతం పది సెకన్లు మించనక్కరలేదు. కొత్త బృందాలకు దాని మీద మక్కువ ఎక్కువ.

ఇంటర్వ్యూకు స్టూడియో కన్నా మనిషి పనిచేసే చోటే మేలు. మార్కెట్ యార్డులో హమాలీని పలకరిస్తే అక్కడి తూకాల చప్పుడు, వేలం కేకలు సగం కథ చెబుతాయి. మైకును నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా పట్టుకోవాలి. దాన్ని ఎదుటివారి చేతికి ఇవ్వకూడదు. ‘అవును’, ‘కాదు’ అనేసి ఊరుకునే ప్రశ్నలు కాక, ‘ఈ సీజన్‌లో పని ఎలా ఉందన్నా?’ అన్నట్టు అడిగి, జవాబు మధ్యలో ‘ఆహా’, ‘ఊఁ’ అనకుండా తల మాత్రమే ఊపాలి. మాటలు ముగిశాక అక్కడి పరిసర ధ్వనిని ఒక నిమిషం విడిగా రికార్డు చేసుకుంటే, ఎడిటింగ్‌లో కోసిన చోట్ల అతుకు తెలియకుండా పరుచుకోవచ్చు. స్టూడియో లేనివారు గదిలో ఫ్యాను ఆపి, కిటికీలకు మందపాటి దుప్పట్లు వేలాడదీస్తే గొంతు శుభ్రంగా వస్తుంది. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనులన్నింటికీ సరిపోతుంది. అయితే ఎడిటింగ్‌లో తీసేసేది దగ్గు, తత్తరపాటు, పునరుక్తి మాత్రమే కావాలి. ఒక ప్రశ్నకు చెప్పిన జవాబును మరో ప్రశ్న కింద అతికించడం మోసమే అవుతుంది. బడి పిల్లల మాటలు రికార్డు చేస్తే తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోవాలి.

ప్రసారానికి ముందు సంపాదకుడు స్క్రిప్టును ప్రకటనల ప్రతులతో పోల్చి తేదీలు, వేళలు, పేర్లు సరిచూడాలి. ఊళ్ల పేర్లు అక్కడివారు పలికినట్టే పలకాలి. ప్రసారమయ్యాక తప్పు బయటపడితే, తరువాతి సంచికలో ఏది తప్పో ఏది ఒప్పో మొదటి నిమిషంలోనే చెప్పాలి. కరెంటు, నీళ్లు, పరీక్షల విషయమైతే వారం ఆగకుండా అదే రోజు ప్రకటించాలి. ప్రసారం చేసిన కార్యక్రమాలను మూడు నెలలు భద్రపరచాలన్నది నిబంధన కనుక, ప్రతి ఫైలుకూ తేదీతో పేరు పెట్టి, దానితోపాటు స్క్రిప్టునూ, ప్రకటనల ప్రతులనూ ఒకే ఫోల్డరులో ఉంచాలి.