మొదటి స్పోర్ట్ బైక్ కొనేముందు: కారుతో పోలిక, సీటు ఎత్తు, బ్రేకు లెక్క

సిగ్నల్ పచ్చబడగానే ముందుకు దూకేది స్పోర్ట్ బైకా, కారా? దీనికి జవాబు ఇంజన్ సీసీ చూస్తే దొరకదు, బరువుతో కలిపి చూడాలి. నడిపే మనిషికి హెల్మెట్, జాకెట్‌తో సహా 75 కిలోలు కలుపుకుని, టన్నుకు ఎన్ని పీఎస్ (ఇంజన్ బలం కొలత, దాదాపు హార్స్‌పవరే) పడుతున్నాయో లెక్కేస్తే సంగతి తేలిపోతుంది. యమహా ఆర్15 వీ4 పవర్ 18.4 పీఎస్, బరువు 142 కిలోలు. అంటే టన్నుకు 85 పీఎస్. కొత్త స్విఫ్ట్‌కు కూడా 80 పైచిలుకే వస్తుంది. చూడ్డానికి రేసు బైకులా ఉన్న ఆర్15కూ, పక్కింటి వాళ్ళ స్విఫ్ట్‌కూ పికప్‌లో పెద్ద తేడా లేదన్నమాట. 150 పీఎస్ ఉన్న ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ 1.5 టర్బో కారు టన్నుకు 110 పీఎస్ దాకా వెళ్తుంది, ఆర్15ని తేలిగ్గా వెనకేస్తుంది.

కేటీఎమ్ ఆర్‌సీ 390 దగ్గర లెక్క తిరగబడుతుంది. 43.5 పీఎస్, 172 కిలోలు, టన్నుకు 176. వర్టస్ వంద అందుకోవడానికి తొమ్మిది సెకన్ల దగ్గర తీసుకుంటే ఇది ఆరు దగ్గరే ముగిస్తుంది. 374 పీఎస్ ఉన్న బీఎమ్‌డబ్ల్యూ ఎమ్340ఐ లాంటిది వస్తే తప్ప దీన్ని పట్టలేరు. ఇక కవాసకి జెడ్ఎక్స్-10ఆర్ టన్నుకు 700 దాటిపోతుంది. దాని పక్కన ఏ కారు పెట్టాలో వెతుక్కోవాలి.

ఇదంతా గాలి అడ్డురానంత సేపే. బైకూ, దానిమీద కూర్చున్న మనిషీ కలిస్తే గాలిని చీల్చే ఆకారం కాదు. 120 దగ్గర చిన్న ఇంజన్ బైకు ఆయాసపడుతుంటే, మామూలు కారు ఏసీ వేసుకుని పక్కనుంచి వెళ్ళిపోతుంది.

ఆగడంలో, మలుపు తిరగడంలో బైకుది పైచేయి కాదు. ఆర్15 రెండు చక్రాల మధ్య దూరం 1325 మి.మీ., వర్టస్‌ది 2651 మి.మీ., దాదాపు రెట్టింపు. బైకు పొట్టి, దాని మీద మనిషి ఎత్తుగా కూర్చుంటాడు. అందుకే బ్రేకు గట్టిగా పడేకొద్దీ బరువంతా ముందుకు వాలి వెనక చక్రం తేలిపోతుంది. మంచి రైడర్ ఆ అంచుదాకా తీసుకెళ్ళి పట్టుకుంటాడు. కారు డ్రైవరు మాత్రం పెడల్ బలంగా తొక్కి ఊరుకుంటే చాలు, మిగతాది ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), నాలుగు టైర్లు చూసుకుంటాయి. మలుపులోనూ అంతే. ఒక జీ (భూమి ఆకర్షణకు సమానమైన) బలంతో తిరగాలంటే బైకును 45 డిగ్రీలు వంచాలి. రోడ్డు మీద గుప్పెడు ఇసుక ఉంటే కారు కాస్త జరుగుతుంది, వంగి ఉన్న బైకు పడిపోతుంది.

చట్టం కూడా బైకును నెమ్మదిగానే వెళ్ళమంటుంది. 2018 కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు వరుసల హైవే మీద కారుకు గరిష్ఠ వేగం 100, బైకుకు 80. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు, పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదికి టూ వీలర్లను అసలు రానివ్వరు. కాబట్టి ఏ కారును దాటగలదన్న లెక్కతో మొదటి బైకు కొనడంలో అర్థం లేదు. పవర్ డబ్బు పెడితే వస్తుంది. తప్పు చేసినా కాచుకునే బైకు మాత్రం వెతికి తెచ్చుకోవాలి.

సీటు ఎత్తు, బరువు

ముందు మీ కాలి పొడవు కొలవండి. బైకు నడిపేటప్పుడు వేసుకునే బూట్లతోనే గోడకు ఆనుకుని నిలబడి, తొడల మధ్య ఒక పుస్తకాన్ని పైకి గట్టిగా ఆనించి, దాని పై అంచు నుంచి నేలకు టేపు పెట్టండి. ఆ కొలతను సీటు ఎత్తుతో పోల్చండి. కవాసకి నింజా 300కి 780, సుజుకి జిక్సర్ ఎస్ఎఫ్ 250కి 800, టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310కి 810, ఆర్15కి 815 మి.మీ. ఆర్‌సీ 390 ఇంకా ఎత్తు. సీటు వెడల్పుగా ఉంటే కాళ్ళు పక్కలకు విచ్చుకుని రెండు, మూడు సెంటీమీటర్లు పోతాయి కాబట్టి కాగితం మీద సరిపోయింది షోరూమ్‌లో సరిపోకపోవచ్చు. రెండు పాదాల ముందు సగం నేలకు ఆనాలి. మునివేళ్ళే అందుతుంటే ట్రాఫిక్‌లో, ఒక పక్కకు వాలిన రోడ్డు మీద ఆగినప్పుడు బైకు మీద పడుతుంది. ఎత్తు తగ్గించాలనుకుంటే సీటు ఫోమ్ కొంచెం కోయించడం ఫర్వాలేదు. వెనక సస్పెన్షన్ లింకు మార్పించి దించితే మాత్రం బైకు తిరిగే తీరే మారిపోతుంది, స్టాండు కూడా పొడవైపోతుంది.

బరువు సంగతి కదిలించి చూస్తేగాని తెలియదు. ఇంజన్ ఆపి, పక్కన నిలబడి హ్యాండిల్ పట్టుకుని పదడుగులు వెనక్కి నెట్టండి. తర్వాత ఎక్కి కూర్చుని కాళ్ళతో వెనక్కి జరపండి. షోరూమ్ నున్నటి నేల మీదే కష్టంగా ఉంటే అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద నరకమే.

మొదటి బైకుగా మా ఓటు ఆర్15కి, లేదంటే జిక్సర్ ఎస్ఎఫ్ 250కి. ఆర్15 తేలిక, క్లచ్ మెత్తన, స్లిప్పర్ క్లచ్ ఉంది కాబట్టి గేరు తొందరపడి దించినా వెనక చక్రం ఎగరదు. కాకపోతే హ్యాండిల్ బాగా కిందికి ఉంటుంది. రోజూ అమీర్‌పేట నుంచి గచ్చిబౌలి వెళ్ళేవాళ్ళకు నెల తిరిగేసరికి మణికట్టు నొప్పి ఖాయం. పొట్టతో, తొడలతో ట్యాంకును పట్టుకుని చేతుల మీద బరువు వేయకుండా కూర్చోవడం నేర్చుకుంటే నొప్పి సగం తగ్గుతుంది. జిక్సర్ ఎస్ఎఫ్ 250 హ్యాండిల్ కొంచెం ఎత్తు. 26.5 పీఎస్, 161 కిలోలు, ఆయిల్ కూలింగ్. హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్ళకు ఇదే నయం. నింజా 300 రెండు సిలిండర్ల ఇంజన్, సీటు తక్కువ, పవర్ మెత్తగా వస్తుంది కానీ 179 కిలోలు, విడిభాగాల ఖర్చు ఎక్కువ. ఆర్‌సీ 390 గొప్ప బైకే. అయితే థ్రాటిల్ (యాక్సిలరేటర్ పిడి) అరంగుళం పొరపాటున తిరిగితే క్షమించదు, మే నెల ట్రాఫిక్‌లో తొడలు కాలుస్తుంది. దాన్ని రెండో బైకుగా పెట్టుకోండి.

ఏది కొన్నా రెండు చక్రాలకూ ఏబీఎస్ ఉన్న వేరియంట్ తీసుకోండి. కొన్ని వేరియంట్లలో ముందు చక్రానికే ఉంటుంది. ఆ తేడా కొద్ది వేలే.

డబ్బు

350 సీసీ గీత గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్టీ 18 శాతం, దాటితే 40 శాతం. ఇన్సూరెన్స్ కూడా ఆ గీత దగ్గరే మారుతుంది. 2022 జూన్‌లో వచ్చిన రేట్లలో కొత్త బైకుకు తప్పనిసరి ఐదేళ్ళ థర్డ్ పార్టీ ప్రీమియం 150–350 సీసీకి రూ. 7,365 అయితే, 350 దాటితే రూ. 15,117.

ఫెయిరింగ్ (చుట్టూ ప్లాస్టిక్ తొడుగు) ఉన్న బైకు నిలబడ్డ చోట పడినా ప్లాస్టిక్, ఇండికేటర్, లీవర్ కలిపి బిల్లు వేలల్లో ఉంటుంది. మొదటి రెండేళ్ళు జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల అరుగుదల కింద కోత పెట్టని) పాలసీ తీసుకోండి, ఇంజన్ పక్కలకు ఫ్రేమ్ స్లైడర్లు (పడితే ముందు నేలకు తగిలే దిమ్మలు) పెట్టించండి. ఇంకో చిట్కా: క్లచ్, బ్రేకు లీవర్ల క్లాంప్ బోల్టులు మరీ బిగించకుండా, గట్టిగా కొడితే తిరిగేంత బిగువులో ఉంచితే పడ్డప్పుడు లీవర్ విరగదు, పక్కకు తిరుగుతుంది.

ఆన్‌రోడ్ ధరలో పదో వంతు పైనే రైడింగ్ సామాన్లకు పక్కన పెట్టాలి. హెల్మెట్‌కు ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 నంబరు తప్పనిసరి, యూరప్ ప్రమాణం ఈసీఈ 22.06 కూడా ఉంటే మేలు. తల చుట్టుకొలత కనుబొమ్మల పైన టేపుతో తీసుకుని సైజు ఎంచుకోండి. పెట్టుకుని తల నిలిపి హెల్మెట్‌ను అటూ ఇటూ తిప్పితే బుగ్గల చర్మం కూడా దానితో కదలాలి. పట్టీ పెట్టుకుని వెనక నుంచి పైకి లాగితే ఊడి రాకూడదు. జాకెట్ మన ఎండలకు మెష్‌దే కొనండి, భుజాల్లో, మోచేతుల్లో సీఈ లెవెల్ 2 (దెబ్బను ఎక్కువగా ఆపే యూరప్ ప్రమాణం) ప్యాడ్లు ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూడండి. చాలావాటిలో వీపు దగ్గర ఉత్త స్పాంజి పెట్టి అమ్ముతారు. గ్లవ్స్, చీలమండ కప్పే బూట్లు మానేయొద్దు. పడ్డప్పుడు ముందు నేలకు తగిలేవి అరచేతులే.

సెకండ్ హ్యాండ్ అయితే

పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూస్తానని చెప్పండి. మీరొచ్చేసరికే ఇంజన్ వేడిగా ఉంటే స్టార్టింగ్ కష్టాన్నో, చప్పుడునో దాస్తున్నారేమోనని అనుమానించాలి. ముందు చక్రం పైకి లేపించి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పండి. మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే స్టీరింగ్ బేరింగులు పోయాయి. హ్యాండిల్ పూర్తిగా తిరిగినప్పుడు ఫ్రేముకు తగిలే స్టాపర్ దగ్గర సొట్టగానీ, పెయింట్ పగులుగానీ ఉందంటే పెద్ద యాక్సిడెంట్ అయినట్టే. ఫెయిరింగ్ కొత్తది వేయించి దాన్ని ఎవరైనా కప్పిపుచ్చవచ్చు, స్టాపర్ మీద ఎవరి దృష్టీ పోదు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ గొట్టాల మీద నూనె చార ఉంటే సీలు పోయింది. వెనక స్ప్రాకెట్ (చెయిన్ తిరిగే పళ్ళ చక్రం) మీద చెయిన్‌ను వెనక్కి లాగితే పళ్ళు సగం కనబడుతున్నా, పళ్ళు కొక్కేల్లా వంగినా చెయిన్ సెట్టు మొత్తం మార్చాలి, ధరలో తగ్గించమనండి. టైరు పక్కన ఉన్న నాలుగంకెలు చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ఐదేళ్ళు దాటిన టైరు గీతలు బాగున్నా గట్టిపడి వానలో జారుతుంది.

కాగితాల్లో ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్‌సీతో స్వయంగా సరిపోల్చండి. చలానాలు ఆన్‌లైన్‌లో చూసుకోండి. లోను మీద కొన్న బండి అయితే ఫారం 35తో బ్యాంకు ఎన్‌వోసీ లేకుండా డబ్బు ఇవ్వొద్దు. బదిలీకి ఫారం 29, 30 సంతకాలు పెట్టించుకోండి. ఆంధ్ర బండిని తెలంగాణకు గానీ, తెలంగాణ బండిని ఆంధ్రకు గానీ తెచ్చి ఏడాదికి మించి ఉంచుకోవాలంటే ఫారం 28 ఎన్‌వోసీ, తెచ్చిన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ ఉంటాయి. చవకగా వచ్చిందన్న సంబరం అక్కడ ఆవిరవుతుంది.

మొదటి వెయ్యి కిలోమీటర్లు

కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది, మొదటి 150 కిలోమీటర్లు గట్టిగా వంచొద్దు. ఇంజన్‌ను మాన్యువల్ చెప్పిన ఆర్‌పీఎమ్ లోపల, ఒకే వేగంలో కాకుండా మారుస్తూ నడపండి.

బ్రేకు సాధన ఖాళీ మైదానం పక్క రోడ్డు మీదో, ఆదివారం పొద్దున ఇండస్ట్రియల్ ఏరియాలోనో చేయండి. సుద్దతో గీత గీసి 30 వేగంతో వచ్చి ఆ గీత దగ్గర మొదలుపెట్టండి. ముందు లీవర్‌ను ఒక్కసారిగా గుంజితే ముందు భాగం దిగకముందే టైరు జారుతుంది. అర సెకనులో ఖాళీ తీసి, బరువు ముందుకు వచ్చాక గట్టిగా పిండాలి. ఏబీఎస్ పనిచేస్తే లీవర్ వేళ్ళ కింద కొట్టుకుంటుంది, అప్పుడు వదలకండి. పది సార్లు బాగా వచ్చాక 40, ఆపై 50కి వెళ్ళండి. ఈ శ్రమ ఎందుకంటే: 80 వేగంతో వెళ్తూ ప్రమాదం గమనించడానికి ఒక సెకను పట్టిందనుకుంటే 22 మీటర్లు అక్కడే పోతాయి. రెండు బ్రేకులూ బాగా వాడితే మరో 31 మీటర్లలో ఆగొచ్చు. భయంతో వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే దాదాపు 63.

తర్వాత నెమ్మదిగా తిరగడం. స్పోర్ట్ బైకు హ్యాండిల్ తక్కువ తిరుగుతుంది కాబట్టి యూటర్న్‌లో పడేవాళ్ళే ఎక్కువ. క్లచ్ సగం పట్టులో ఉంచి, థ్రాటిల్ కదలకుండా, వేగాన్ని వెనక బ్రేకుతోనే అదుపు చేయండి, చూపు బయటికి వెళ్ళే దారి మీద ఉండాలి. ఇక్కడ ముందు బ్రేకు తాకితే బైకు పడినట్టే. థ్రాటిల్ పట్టుకున్న మణికట్టు పైకి లేచి ఉంటే, గతుకులో చెయ్యి కిందికి జారి యాక్సిలరేటర్ దానంతటదే తిరుగుతుంది. మణికట్టు సమంగానో, కాస్త కిందికో ఉంచి పట్టుకోవాలి.

చెయిన్‌ను 500 కిలోమీటర్లకోసారి, వానలో తిరిగితే అదే రోజు, కిరోసిన్‌తో మెత్తటి బ్రష్ వాడి తుడిచి లూబ్ కొట్టండి. పెట్రోలు, ఇనప బ్రష్ తగిలితే లోపలి రబ్బరు రింగులు పాడవుతాయి. ఎంత వదులుండాలో స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) స్టిక్కర్ మీద ఉంటుంది. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే చూడండి.

మన రోడ్ల మీద

కోతలప్పుడు ఊళ్ళ మధ్య రోడ్డు సగం మీద వడ్లు, మొక్కజొన్న ఆరబోస్తారు. చీకట్లో కవరు కప్పిన కుప్ప, దాని చుట్టూ పెట్టిన రాళ్ళు దగ్గరికి వచ్చేదాకా కనబడవు. వరి సీజన్‌లో పల్లె దారుల్లో రాత్రి ప్రయాణమే మానుకోవడం మంచిది. వెనక లైటు లేని ట్రాక్టర్లు, రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు, రాంగ్ రూట్‌లో వచ్చే బండ్లు ఉండనే ఉన్నాయి. బంకు బయటి మలుపులో డీజిల్ మరక ఉంటుందని ముందే అనుకోండి. తొలకరి వాన మొదటి అరగంట రోడ్డు అన్నిటికంటే ఎక్కువ జారుతుంది.

ఘాట్ రోడ్లో ఎదుటి లారీ మలుపు కోసుకుని మీ వైపు వస్తుందనే లెక్కతో ఎడమ వరుసలోనే ఉండాలి. బ్రేకు, గేరు పనులు మలుపుకు ముందే ముగించి, లోపల థ్రాటిల్ కొద్దిగా తెరిచి పట్టుకోండి. మధ్యలో ఒక్కసారి మూసేస్తే బైకు బయటికి వెళ్తుంది. గుంతనే చూస్తుంటే గుంతలోకే వెళ్తారు, వెళ్ళాల్సిన చోటునే చూడండి.

వేగం తనివితీరా చూడాలనిపిస్తే అసలైన ట్రాకుల్లో ఒకటి చెన్నై శివారు ఇరుంగాట్టుకోట్టైలోని 3.7 కిలోమీటర్ల మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. అక్కడ ట్రైనింగ్ స్కూళ్ళు బైకు తెచ్చుకునే వాళ్ళకూ కోర్సులు నడుపుతాయి. వెళ్ళేముందు పైనుంచి కిందిదాకా ఒకే ముక్కగా ఉండే లెదర్ సూటు అద్దెకు దొరుకుతుందో కనుక్కోండి, బ్రేక్ ప్యాడ్లు సగానికి పైగా మిగిలి ఉన్నాయో చూసుకోండి, బ్రేక్ ఆయిల్ కొత్తది పోయించండి. అద్దాలు తీసేసి, లైట్లకు టేపు అతికించుకుని వెళ్తే లోపలికి పంపేముందు జరిగే తనిఖీలో సగం పని అయిపోతుంది.