గోల్ఫ్ స్వింగ్ – 4వ పాఠం: కాళ్లు తిప్పితే స్లైస్ పోదు

ఈసారి బ్యాక్‌స్వింగ్, అంటే క్లబ్‌ను (గోల్ఫ్ కర్రను) వెనక్కి ఎత్తడం, చెప్పాల్సింది. మీరు పంపిన వీడియోలు చూశాక దాన్ని పక్కన పెట్టేశాను. గ్రిప్ పాఠం తర్వాత చాలామందికి బంతి కుడికి వంకర తిరిగిపోతోంది. దీన్నే స్లైస్ అంటారు. కొత్తవాళ్లందరికీ వచ్చేదే, దానికి నాకు దిగులు లేదు. నా కోపమంతా మీరు సొంతంగా కనిపెట్టిన మందు మీద. కాళ్లు, భుజాలు ఎడమకు తిప్పి నిలబడుతున్నారు. "అన్నా, ఎడమకు కొడితే తిరిగొచ్చి మధ్యలో పడుతుంది కదా" అని ఒకరు అడిగారు. పడదు సామీ, ఇంకా ఎక్కువ తిరుగుతుంది.

మోకాళ్ల వంపు, బంతికి ఎంత దూరంలో నిలబడాలి లాంటివి ఇక్కడ చెప్పను, అవి చూస్తే తెలిసేవే. ఎడమచేతివాళ్లు కుడి ఎడమలు మార్చి చదువుకోండి.

క్లబ్ బంతిని తాకి ఉండేది సుమారు సెకనులో రెండువేలవ వంతు. దెబ్బ క్లబ్ మధ్యలో తగిలిందనుకుంటే, బంతి ఎటు పోవాలో రెండే తేలుస్తాయి. ఆ క్షణంలో క్లబ్‌ఫేస్, అంటే బంతిని తాకే ముఖం, ఎటు చూస్తోంది, క్లబ్ ఎటు కదులుతోంది. రెండోదాన్ని పాత్ అంటారు. బంతి పాత్ వెంట బయలుదేరి, ఆ తర్వాత ఫేస్ చూసిన వైపు తిరుగుతుందని చాలాకాలం నేర్పారు. 2000 తర్వాత ట్రాక్‌మ్యాన్ లాంటి రాడార్లు వచ్చి కొలిస్తే లెక్క మారింది. బయలుదేరే దిశలో ఐరన్లనే ఇనుప ముఖం క్లబ్బులతో సుమారు 75 శాతం, అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్ అయిన డ్రైవర్‌తో 85 శాతం దాకా ఫేస్‌దే వాటా. తర్వాత వచ్చే వంకర, ఫేస్‌కూ పాత్‌కూ మధ్య ఉన్న తేడా వల్ల. బెంగళూరులో నేర్చుకొచ్చిన ఒక పెద్దాయన ఇప్పటికీ నాతో వాదిస్తారు, తన కోచ్ పాత్ అన్నాడు కాబట్టి పాతేనని. ఆయన నాకన్నా బాగా ఆడతారు. అయినా ఈ మాట ఒప్పుకోను.

ఇప్పుడు మీ మందు సంగతి. గురివైపు సున్నా డిగ్రీలు అనుకోండి. మీ ఫేస్ గురినే చూస్తోంది, పాత్ 4 డిగ్రీలు ఎడమకు ఉంది. బంతి ఒక డిగ్రీ ఎడమకు బయలుదేరి కుడికి తిరుగుతుంది. నచ్చక కాళ్లు ఇంకో 5 డిగ్రీలు ఎడమకు తిప్పారు. పాత్ 9 డిగ్రీలు ఎడమకు పోయింది. కళ్లు మాత్రం గురిమీదే ఉన్నాయి కాబట్టి చేతులు ఫేస్‌ను మళ్లీ గురివైపే తెస్తాయి. తేడా 4 నుంచి 9కి పెరిగింది. బంతి రెండు డిగ్రీలు ఎడమకు బయలుదేరినా వంకర రెట్టింపు దాటుతుంది. దాన్ని చూసి మళ్లీ కాళ్లు తిప్పుతారు, అది మళ్లీ పెరుగుతుంది. ఒకతని వీడియోలో ఛాతీ దాదాపు గురివైపు తిరిగిపోయింది!

కొందరికి బంతి ఎడమకు బయలుదేరి నేరుగా ఎడమకే పోయింది. స్లైస్ తగ్గిందని సంబరపడ్డారు. ఫేస్, పాత్ రెండూ కలిసి ఎడమకు పోతే అలాగే ఉంటుంది. ఇంకొందరికి పాత్ బాగానే ఉంది, ఫేస్ ఒక్కటే కుడికి తెరుచుకుంది. బంతి కుడికే బయలుదేరి ఇంకా కుడికి పోయింది. ఈ ముగ్గురికీ మందు ఒకటి కాదు. అందుకే బంతి ఎక్కడ పడిందో కాదు, ఎటు బయలుదేరిందో ముందు చూడండి. ఆషాఢం గాలుల్లో వంకరను చూసి ఏదీ తేల్చుకోవద్దు. మన అనంతపురం గాలి నేరుగా పోయే బంతిని కూడా తిప్పుతుంది.

ఫేస్ తెరుచుకోవడానికి మనవాళ్లలో ఒక ప్రత్యేక కారణం ఉంది, క్రికెట్. స్ట్రెయిట్ డ్రైవ్‌లో ఎడమ మోచెయ్యి ఎత్తి, బ్యాట్ నిండు ముఖం బౌలర్‌కు చూపించాలని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నారు. గోల్ఫ్‌లో అదే చేస్తే ఫేస్ మూసుకోదు, కుడికే తెరుచుకుని ఉండిపోతుంది. దెబ్బ దగ్గర ముంజేతులు సహజంగా తిరగాలి. నా ఇష్టం అడిగితే ఎడమచేతి గ్రిప్‌ను కాస్త కుడికి తిప్పి, పైనుంచి చూస్తే మూడు కణుపులు కనిపించేలా పట్టుకోమంటాను. రెండే కనిపించాలనే కోచ్‌లూ ఉన్నారు. క్రికెట్ ఆడి వచ్చినవాళ్లకు మూడే మేలు. స్వింగ్ అందంగా లేదని బాధపడకండి. అమెరికా గోల్ఫ్ ఆటగాడు జిమ్ ఫ్యూరిక్ స్వింగ్ పైన పెద్ద మెలిక తిరిగి కిందికి వస్తుంది. ఆయనే 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో ఒక రౌండ్‌ను 58 దెబ్బల్లోనే ముగించాడు. దెబ్బ దగ్గర ఫేస్, పాత్ కుదిరితే చాలు.

క్రికెట్ నెట్‌లో ప్రాక్టీస్ చేసేవాళ్లకు ఒక చిక్కుంది. పది అడుగుల్లోనే బంతి ఆగిపోతే వంకర కనిపించదు, అంతా నేరుగా పోతున్నట్టే ఉంటుంది. అందుకని ఇలా చేయండి. ఎర్రనేల మీద నేరుగా కొడితే మణికట్టు పోతుంది, ఒక తట్ట ఇసుక పరచండి. ముగ్గుపిండితో గురివైపు ఒక గీత, దానికి అడ్డంగా ఇంకో గీత గీసి, రెండూ కలిసే చోట బంతి పెట్టండి. నెట్‌కు గురి దగ్గర నిలువుగా దారం కట్టండి. పది అడుగుల దూరంలో ఒక డిగ్రీ అంటే సుమారు రెండు అంగుళాలు. బంతి దారానికి ఎటు తగిలిందో ముఖ్యంగా ఫేస్ సంగతి చెబుతుంది. ఇసుకలో పడిన గాడి ఎటు పోయిందో పాత్ సంగతి చెబుతుంది. గాడి అడ్డగీత దాటి గురివైపు మొదలవ్వాలి, వెనక మొదలైతే నేలను ముందు కొట్టారన్నమాట. ఫేస్ మీద కాస్త టాల్కం పౌడర్ చల్లితే బంతి ఎక్కడ తగిలిందో మచ్చ పడుతుంది. మధ్యలో తగలని దెబ్బలు లెక్కలోకి తీసుకోకండి.

సెవెన్ ఐరన్ ఒక్కటే, సగం స్వింగ్. ముందు కావాలని పది బంతులు దారానికి కుడివైపు కొట్టండి, తర్వాత పది ఎడమవైపు. పది బంతుల్లో ఎనిమిదైనా అనుకున్న వైపు పోయేదాకా నేరుగా కొట్టే ప్రయత్నమే వద్దు. ప్రతి బంతికీ దారం, గాడి రెండూ నోట్‌బుక్‌లో రాయండి. విసుగొస్తుంది, అయినా రాయండి. డ్రైవర్ కొన్నవాళ్లు దాన్ని మళ్లీ సంచిలో పెట్టండి.

ఇకనుంచి వీడియో ఎదురుగా నిలబడి తీసి పంపొద్దు. ఫోన్ గురిగీత మీదే, బంతికి సరిగ్గా వెనక, చేతుల ఎత్తులో పెట్టి తీయండి. కాళ్లు ఎటు తిప్పారో అప్పుడు దాచలేరు.