హాలు తాళాలు అందుకునే ముందు

శ్రీకాకుళంలో వీధి కమ్యూనిటీ హాలు కమిటీలోకి కొత్తగా వస్తున్నారా? జీతం లేని పనే గానీ, లెక్క అడిగేవాళ్లకు కొదవుండదు.

• ముందు అడ్వాన్సుల పుస్తకం తెరిపించండి. మాఘమాసం ముహూర్తాలకు పాత కమిటీ ఎవరి దగ్గర ఎంత తీసుకుందో, రసీదు ఇచ్చిందో లేదో తేదీలవారీగా రాయించుకోండి. ఒకే రోజుకు రెండు పెళ్లిళ్లు రాసుంటే ఇప్పుడే తేల్చాలి, పందిరి వేశాక తేలదు. "మనవాళ్లే కదా" అని నోటిమాట మీద ఇచ్చిన బుకింగులూ కాగితం మీదకు రావాలి. గొడవలన్నీ అక్కడే పుడతాయి.

• బ్యాంకులో సంతకాలు మార్పించండి, తీర్మానం కాపీ పట్టుకెళ్లండి. సంతకం పెట్టి వదిలేసిన ఖాళీ చెక్కులుంటే అందరి ముందూ రద్దు చేయాలి.

• సంఘం 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరై ఉంటే, కొత్త కమిటీ జాబితా జిల్లా రిజిస్ట్రారుకు అందిందా?

• గుండిగలు, గరిటెలు, కుర్చీలు లెక్కపెట్టండి. గుండిగ తిరగేసి అడుగున పెయింటుతో హాలు పేరుందో లేదో చూడండి. మూతలు విడిగా లెక్కించాలి, ముందు మాయమయ్యేవి అవే.

• కరెంటు బిల్లు, ఆస్తి పన్ను బకాయిలు.

• 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన జిల్లాలోనే పలాస దగ్గర తీరం దాటింది. అందుకని దసరాలోపే పైకప్పు రేకుల బోల్టులు బిగించి, జనరేటరు ఒకసారి నడిపి చూడండి. తుపాను రాత్రి జనం తలదాచుకోడానికి వస్తే తాళం ఎవరింట్లో ఉందో కనీసం ముగ్గురికి తెలియాలి.