వాడపల్లి రేవులో చెత్త ఏరాలంటే

నల్లగొండ జిల్లాకు సముద్రం లేదు, సముద్రానికి పోయే దారి ఉంది. హైదరాబాద్ మీదుగా వచ్చే మూసీ దామరచర్ల మండలం వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అక్కడ ఒడ్డున వదిలేసిన కవరు పులిచింతల, ప్రకాశం బ్యారేజీ దాటితే హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో తేలుతుంది. తీరాన్ని కాపాడే సంఘాలు బీచ్‌లో చేసే పని ఈ రేవులోనూ చేయొచ్చు.

1986లో టెక్సాస్‌లో మొదలైన అంతర్జాతీయ తీర శుభ్రత దినం ఏటా సెప్టెంబర్ మూడో శనివారం వస్తుంది. ఆ తేదీ మనకు పనికిరాదు. అప్పుడు కృష్ణకు వరదకాలం, ఎగువన గేట్లెత్తితే నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. శివరాత్రి స్నానాలయ్యాక రెండు రోజులకు పెట్టుకోండి. పొద్దున ఆరున్నరకు దిగి తొమ్మిదికల్లా ముగించాలి.

ఇరవై మంది చాలు. ఐదుగురికో జట్టు: ముగ్గురు ఏరాలి, ఒకరు సంచి పట్టాలి, ఒకరు రాయాలి. జట్టుకు 50 మీటర్ల ఒడ్డు తాడుతో కొలిచి, రెండు చివర్లా గుర్తు పెట్టండి. పలచటి డాక్టర్ గ్లవ్స్ గాజు పెంకుకు ఆగవు, రబ్బరు పూత ఉన్నవి తెండి. చెప్పులు కాదు, బూట్లు. పెంకులు, సూదులు, బ్లేడ్లు సంచిలో వేస్తే మోసేవాళ్ల కాలు తెగుతుంది. వాటికి మూత ఉన్న పెయింట్ బకెట్ పెట్టండి. మోకాలి లోతు దాటి ఎవరూ దిగొద్దు.

చాలామంది ఎగ్గొట్టేది లెక్క. ఫోటోలో సంచులు కనిపిస్తాయి, ఏ చెత్త ఎక్కడి నుంచి వస్తుందో కనిపించదు. ఏరేవాళ్లు "గుట్కా ప్యాకెట్, పాలకవర్, గ్లాసు" అని కేకేయాలి, రాసేవాళ్లు గీత గీయాలి. నాలుగు గీతల మీద ఐదోది అడ్డంగా. విరిగిన థర్మోకోల్‌కు వేరే వరుస ఉండాలి. లేకపోతే ఒక్క డబ్బానే ముప్పై ముక్కలై లెక్క పాడు చేస్తుంది. తూకం ఒక్కదాన్నే నమ్మొద్దు: స్నానాలు చేసి వదిలిన చీర తడిసి బురద పడితే వందల కవర్ల బరువు తూగుతుంది.

నైలాన్ వల కనబడితే లాగకండి. ముందు చేపలు పట్టేవాళ్లను అడగండి, అది వాళ్లు వేసుకున్నదే కావొచ్చు. పనికిరానిదంటే మూరెడు ముక్కలుగా కోసి సంచిలో వేయాలి, పొడుగ్గా వదిలితే మళ్లీ నీళ్లలో చేరి చేపల్ని పడుతుంది. పురుగుమందు డబ్బాల్ని విడిగా ఉంచండి. ఏట్లో కడగొద్దు, పాత సామాన్ల వాళ్లకు అమ్మొద్దు.

పంచాయతీ ట్రాక్టర్ ఎన్నింటికి వస్తుందో ముందురోజే కార్యదర్శితో ఖాయం చేసుకోండి. ఇది తప్పితే మిగతా కష్టమంతా వృథా: ఒడ్డున కుప్పేసిన సంచుల్ని కుక్కలు చింపుతాయి, మొదటి వరదకు అంతా ఏట్లోకే పోతుంది. అక్కడే తగలబెట్టడం అంతకంటే చెడ్డ పని.

లెక్క కాగితం నకలు పంచాయతీకి ఇవ్వండి. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్ట్రాలు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. అవే ఎక్కువ తేలితే రేవు దగ్గరి దుకాణాల వాళ్లతో మాట్లాడటానికి చేతిలో అంకె ఉంటుంది. వచ్చే ఏడు అదే 50 మీటర్లలో, అదే సమయానికి లెక్కపెట్టాలి. చోటు మారితే రెండు అంకెల్నీ పోల్చలేం.