నరాలకు పాకిన సిఫిలిస్: పెన్సిలిన్ కోర్సు ఎలా పూర్తి చేయాలి

చూపు మసకబారినా, వినికిడి తగ్గినా, నడక తూలినా, వీడీఆర్ఎల్ (లైంగికంగా సోకే సిఫిలిస్‌ జబ్బుకు చేసే రక్తపరీక్ష) పాజిటివ్ అని కూడా తేలితే ఇంకో రోజు ఆగొద్దు. కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్లండి, సిగ్గుపడాల్సిన జబ్బు కాదిది. వెన్ను నీరు తీసి పరీక్ష చేస్తారు, భయపడకండి.

ముఖ్యమైన మాట. మామూలు సిఫిలిస్‌కు తుంటికి వేసే 24 లక్షల యూనిట్ల బెంజథీన్ ఇంజెక్షన్ జబ్బు నరాలకు పాకినప్పుడు చాలదు, ఎందుకంటే ఆ మందు మెదడు చుట్టూ ఉండే నీటిలోకి సరిపడా చేరదు. అందుకే అడ్మిట్ చేసుకుని క్రిస్టలైన్ పెన్సిలిన్‌ను రక్తనాళంలోకి 4 గంటలకోసారి 30 నుంచి 40 లక్షల యూనిట్లు, రాత్రీ పగలూ, 10 నుంచి 14 రోజులు ఇస్తారు. తోడుగా ఉండే మనిషిని, ఇంటి పనులను ముందే చూసుకోండి, బాగుందని మధ్యలో వచ్చేయొద్దు.

మొదటి రోజు జ్వరం, వణుకు రావచ్చు, సాధారణంగా ఒక్కరోజులో తగ్గుతుంది, అయినా నర్సమ్మకు చెప్పండి. పెన్సిలిన్ పడదంటే ముందే చెప్పాలి, అప్పుడు సెఫ్ట్రియాక్సోన్ ఇవ్వడమో, కొద్దికొద్దిగా పెన్సిలిన్‌నే అలవాటు చేయడమో డాక్టరు ఆలోచిస్తారు.

హెచ్ఐవీ పరీక్ష చేయించుకోండి. భార్యకో భర్తకో కూడా సిఫిలిస్ పరీక్ష తప్పనిసరి.