మీ కుక్కకి స్వెట్టర్ అల్లాలంటే ముందు టేపు పట్టుకోండి

స్మాల్, మీడియం, లార్జ్ అని రాసి ఉన్న ప్యాటర్న్ చూసి ఊలు కొనేయకండి. ఒక డాక్స్‌హండ్, ఒక పగ్ దాదాపు ఒకే బరువు తూగొచ్చు, కానీ ఒకదానికి వీపు పొడవు, ఇంకోదానికి ఛాతీ వెడల్పు, దానికి పట్టింది దీనికి పట్టదు. కుక్కని కొలిచి లెక్క వేసుకుంటే ప్యాటర్న్ అక్కర్లేదు. అల్లికలో నిట్, పర్ల్ అనే రెండు మూల కుట్లు, కుట్లు పెంచడం, తగ్గించడం వస్తే చాలు.

అసలు మీ కుక్కకి స్వెట్టర్ కావాలా అన్నది కూడా ఒకసారి చూసుకోండి. పొట్టి వెంట్రుకలవి, బక్కపల్చనివి, ముసలివి చలికి వణుకుతాయి కాబట్టి వాటికి పనికొస్తుంది. హస్కీ లాంటి ఒత్తు బొచ్చు కుక్కకి వేస్తే ఫోటో బాగుంటుందేమో గానీ దానికి మాత్రం ఉక్కపోతే.

కొలతలు కుక్క నిలబడి ఉన్నప్పుడే తీయాలి, కూర్చుంటే అన్నీ మారిపోతాయి. మెడ చుట్టుకొలత, ముంగాళ్ల వెనక ఛాతీ బాగా వెడల్పుగా ఉన్నచోట చుట్టుకొలత, మెడ మొదలు నుంచి తోక మొదలు దాకా వీపు పొడవు, మెడ నుంచి ముంగాలు మొదలయ్యే చోటికి దూరం, ముంగాలి పైభాగం చుట్టుకొలత. వీటిలో ఛాతీ కొలతే ముఖ్యం, పొడవు కాస్త అటూ ఇటూ అయినా నడుస్తుంది గానీ ఛాతీ దగ్గర బిగిస్తే కుక్క అడుగు తీసి అడుగు వేయదు.

ఊలు విషయంలో నా ఓటు మధ్యరకం మందం ఉన్న అక్రిలిక్‌కే, లేదంటే మెషిన్‌లో ఉతకొచ్చని లేబుల్ మీద రాసి ఉన్న ఊలుకి. మామూలు గొర్రె ఊలు వేడినీళ్లలో పడితే ముడుచుకుని గట్టి గుడ్డలా అయిపోతుంది, ఇది బురదలో పొర్లే ప్రాణి కాబట్టి ఉతకడం తప్పదు. మోహైర్ లాంటి నూగు ఊలు అసలొద్దు, నాకినప్పుడల్లా ఆ నూగంతా నోట్లోకే పోతుంది. చిన్న కుక్కకి సాధారణంగా 100 గ్రాములు సరిపోతుంది, అయినా 150 తీసుకుంటే మధ్యలో టెన్షన్ ఉండదు. సూదులు 5 మి.మీ.వి, రిబ్ (నిట్, పర్ల్ మార్చి మార్చి వేసే సాగే పట్టీ) కోసం 4.5 మి.మీ.వి.

ఇప్పుడు అందరూ ఎగ్గొట్టే పని: ముందు ఒక నమూనా ముక్క అల్లండి. 30 కుట్లు ఎక్కించి, ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్ చొప్పున ఓ జానెడు అల్లి, ఉతికి ఆరబెట్టి, మధ్యలో 10 సెం.మీ.కి ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు వచ్చాయో లెక్కపెట్టండి. 18 కుట్లు, 24 వరుసలు వచ్చాయనుకుందాం, అంటే సెంటీమీటరుకి 1.8 కుట్లు. మీ చేతిబిగువుని బట్టి ఇది మారుతుంది, కింది అంకెలన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి కాబట్టి మీ లెక్క మీరే వేసుకోవాలి.

ఉదాహరణకి మెడ 26, ఛాతీ 40, వీపు 30 సెం.మీ. ఉన్న కుక్క. ఛాతీకి 4 సెం.మీ. వదులు కలిపితే 44, దాన్ని 1.8తో గుణిస్తే సుమారు 80 కుట్లు, వీపు ముక్క, పొట్ట ముక్క కలిపి కుట్టేటప్పుడు 4 కుట్లు లోపలికి పోతాయి కాబట్టి మొత్తం 84. వీపుకి 54, పొట్టకి 30 పంచండి. మెడకి వదులు కలపకుండా ఇదే పద్ధతిలో సుమారు 52 వస్తాయి, వీపుకి 34, పొట్టకి 18.

వీపు ముక్కకి చిన్న సూదుల మీద 34 కుట్లు వదులుగా ఎక్కించండి, తల దూరాల్సింది ఇందులోంచే. రెండు నిట్, రెండు పర్ల్ రిబ్ 6 సెం.మీ. అల్లండి, రెండు చివరలా నిట్ రెండేసి ఉండాలి, అప్పుడు కుట్టాక అతుకు దగ్గర కూడా రిబ్ తెగకుండా కలిసిపోతుంది. తర్వాత పెద్ద సూదులకి మారి ఒక నిట్ వరుస, ఒక పర్ల్ వరుస మామూలే, ప్రతి నిట్ వరుసలో రెండు పక్కలా అంచుకి ఒక కుట్టు లోపల ఒక్కోటి పెంచుతూ పోతే 10 సార్లకి 54 అవుతాయి. మెడ పట్టీ కింద నడిమధ్యలో 4 కుట్లు ముగించి, తర్వాతి వరుసలో అక్కడే 4 ఎక్కిస్తే చిన్న చీలిక వస్తుంది, హార్నెస్ కొక్కెం బయటికి తీయడానికి.

పొట్ట ముక్క కూడా అంతే, 18తో మొదలుపెట్టి 6 సార్లు పెంచితే 30. మెడ రిబ్ కింద నుంచి మొత్తం 20 సెం.మీ. అల్లండి, అందులో చివరి 3 సెం.మీ. రిబ్ ఉండాలి. మగకుక్క అయితే పొట్ట ముక్క ఇంకా పొట్టిగా ఆపాలి, కారణం చెప్పక్కర్లేదనుకుంటా.

వీపు ముక్క మెడ రిబ్ కింద నుంచి 20 సెం.మీ. దాటాక దానికి పక్కన అతుకు ఉండదు, అంచు చుట్టుకుపోతుంది, అందుకని అక్కడినుంచి రెండు వైపులా 4 కుట్లు అన్ని వరుసల్లోనూ నిట్టే వేయండి. వాటికి లోపలివైపు ఒక్కో కుట్టు, వరుస విడిచి వరుస, 4 సార్లు తగ్గిస్తే అంచు గుండ్రంగా వచ్చి 46 మిగులుతాయి, 3 సెం.మీ. రిబ్ వేసి వదులుగా ముగించండి. మెడ రిబ్ కాకుండా మొత్తం 26 సెం.మీ., అంటే తోకకి 4 సెం.మీ. ముందే ఆగుతుంది.

మెడ రిబ్ పక్కలు కుట్టి, దాని కింద నుంచి, మెడ నుంచి ముంగాలి దాకా ఎంత కొలిచారో అంతవరకు కుట్టి, కాలికి ఖాళీ వదిలి, తర్వాత పొట్ట ముక్క చివరి వరకు కుట్టేయండి. కాలి చుట్టుకొలత 16 అయితే ఖాళీ సగానికి కొంచెం ఎక్కువ, 9 సెం.మీ. దాని చుట్టూ ప్రతి 4 వరుసలకి 3 కుట్లు ఎత్తితే 32 వరకు వస్తాయి, నాలుగైదు చుట్లు రిబ్ చాలు. పొడుగు చేతులు అల్లాలని సరదా పడకండి, కాలికి అడ్డం పడతాయి, అది కొరికి పీకేస్తుంది.

బొత్తాలు, పాంపమ్‌లు, వేలాడే తాళ్లు వద్దు. ఊలు పోగు మింగితే పేగుల్లో చిక్కుకుని ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు, కాబట్టి చివరి పోగుల్ని రెండు దిక్కులా లోపలికి పోనిచ్చి దాచండి, మిగిలిన ముక్కలు ఎప్పటికప్పుడు ఎత్తేయండి.

తొడిగాక మెడ దగ్గర రెండు వేళ్లు దూరుతున్నాయా చూడండి, కాసేపు నడిపించి చంకల్లో ఒరుసుకుంటోందేమో తడమండి. రొప్పుతుంటే వెంటనే తీసేయండి. తడిసినా అంతే, తడి స్వెట్టర్ చలిని ఇంకా పెంచుతుంది. ఒంటరిగా వదిలి వెళ్లేటప్పుడు ఒంటిమీద ఉంచొద్దు. ఉతికాక దండెం మీద వేలాడదీస్తే సాగిపోతుంది, తువ్వాలు మీద పరిచి ఆరబెట్టండి.