ఇంట్లో ఆయిల్ మార్చాక కొత్త కారు ఇబ్బంది పెడుతోందా? సమస్య - పరిష్కారం

ఆయిల్ మార్చిన తరువాత ఏదైనా తేడా కనిపిస్తే అనుమానం వెంటనే ఇంజిన్ మీదికి పోతుంది. కానీ నిన్నటిదాకా చక్కగా నడిచిన కొత్త బండి ఇవాళ మొరాయిస్తే, మన చెయ్యి పడిన చోట్లే ముందు వెతకాలి. అవి నాలుగు: డ్రెయిన్ బోల్టు (పాత ఆయిల్ దించడానికి అడుగున విప్పేది), ఫిల్టరు, ఆయిల్ పోసే మూత, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ).

వెతకడానికి కిందికి దూరే ముందు ఒక్క మాట. జాకీ కారును ఎత్తడానికే. ఎత్తిన కారును మోయాల్సింది స్టాండ్లు. జాకీ ఒక్కదాని మీదే నిలిచిన కారు కింద తల పెట్టవద్దు, ఒక్క నిమిషమైనా సరే.

ఎర్రటి ఆయిల్ దీపం ఆరడం లేదు

కొత్త ఫిల్టరు ఖాళీగా ఉంటుంది. పంపు దాన్ని నింపేదాకా, మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు, దీపం రెండు మూడు సెకన్లు వెలిగి ఉండడం సహజం. పది సెకన్లు దాటినా ఆరకపోతే ఇంజిన్ ఆపేయండి. ఈ దీపం చెప్పేది ఆయిల్ ఒత్తిడి లేదని. ఒత్తిడి లేకపోతే బేరింగులకు ఆయిల్ అందదు, అవి కొద్దిసేపట్లోనే పాడవుతాయి. ముందు డిప్‌స్టిక్ చూడండి, ఆ తరువాత కారు కింద నేల చూడండి. ఆయిల్ తక్కువైతే పోయండి. మట్టం సరిగ్గా ఉండి, కారడం కూడా లేకపోతే ఫిల్టరు మీ ఇంజిన్‌కు సరిపోయేదేనా అని నంబరు సరిచూడండి. అదీ సరైనదే అయితే మళ్లీ స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలవండి.

పసుపు రంగులో కనిపించే సర్వీసు గుర్తు వేరు. అది ముఖ్యంగా కిలోమీటర్లను, రోజులను లెక్కపెడుతుంది. మీరు ఆయిల్ మార్చిన సంగతి చాలా కార్లలో దానికి తెలియదు. యజమాని పుస్తకంలో చెప్పిన పద్ధతిలో రీసెట్ చేస్తే పోతుంది.

స్టార్ట్ చేయగానే ఫిల్టరు దగ్గర ఆయిల్ ధారగా కారుతోంది

ఇంట్లో చేసే పనిలో నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడే పొరపాటు ఇది. పాత ఫిల్టరు ఊడివచ్చినా దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. నల్లటి లోహం మీద నల్లటి రబ్బరు కంటికి ఆనదు. దాని మీదే కొత్త ఫిల్టరు బిగిస్తే రెండు రింగులు ఒకదానిపై ఒకటి పడతాయి. బిగిసినట్టే అనిపిస్తుంది కానీ, ఒత్తిడి రాగానే పక్కకు జారి ఆయిల్ అంతా బయటకు తోసేస్తాయి.

ఇంజిన్ ఆపండి, ఫిల్టరు విప్పండి, అది కూర్చునే చోటును గుడ్డతో తుడిచి వేలితో తడిమి చూడండి. కొత్త రింగుకు కొంచెం కొత్త ఆయిల్ రాయండి. రింగు ఇంజిన్‌కు తగిలాక చేత్తోనే సుమారు ముప్పావు చుట్టు తిప్పితే చాలు. ఫిల్టరు మీద వేరే కొలత ముద్రించి ఉంటే దాన్నే పాటించండి. లోపల కాగితపు ఫిల్టరు మాత్రమే మార్చే రకమైతే మూత రింగును గమనించండి, అది తన గాడిలోనే కూర్చోవాలి.

డ్రెయిన్ బోల్టు దగ్గర చుక్కలు

చాలా కార్లలో దీని వాషరు ఒకసారి నలిగాక మళ్లీ పనికిరాదు. ఎక్కువసార్లు పాత వాషరే కారణం. కారడం ఆగలేదని ఇంకా బలంగా బిగిస్తే అసలు నష్టం మొదలవుతుంది. అల్యూమినియం సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) మరలు తెగితే మరమ్మతు పెద్దదవుతుంది. ఆయిల్ దించి, కొత్త వాషరు వేసి, బోల్టును ముందు వేళ్లతోనే ఎక్కించండి. రెండు మూడు చుట్లు వేళ్లతో తిరగకపోతే అడ్డంగా ఎక్కుతోందని అర్థం. బిగింపు కొలత పుస్తకంలో ఉంటుంది, చాలా కార్లలో 25 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్య.

ఎక్కడినుంచి కారుతోందో తేలకపోతే రాత్రంతా కారు కింద అట్ట పరచండి. చుక్క ఎక్కడ పడిందో పొద్దున అదే చూపిస్తుంది.

డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీత దాటింది

డబ్బాలో ఉన్నదంతా పోసేయడం మామూలు కారణం. చాలా కార్లలో రెండు గీతల మధ్య తేడా దాదాపు ఒక లీటరే. చెప్పిన కొలతకు కొంచెం తక్కువగా పోసి, స్టార్ట్ చేసి ఆపి, సమతల నేల మీద ఐదు పది నిమిషాలు ఆగి చూసి, మిగతాది కలపాలి. మట్టం మరీ ఎక్కువైతే ఇంజిన్ అడుగున తిరిగే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్, ఆయిల్‌ను చిలుకుతుంది. నురగ పట్టిన ఆయిల్ సరిగా కందెనగా పనిచేయదు. ఎక్కువైన దాన్ని డిప్‌స్టిక్ గొట్టంలోంచి సన్నటి పైపుతో లాగేయండి.

అయితే మట్టం రెండింతలు ఉన్నట్టుంటే మీరు దించిన ఆయిల్‌ను ఒకసారి చూడండి. ఎర్రగా, లేదా వింతగా తేటగా ఉందా? అది గేర్‌బాక్సుది కావచ్చు. ఇంజిన్‌లో పాత ఆయిల్ మీదే కొత్తది పోశారన్నమాట. స్టార్ట్ చేయవద్దు, బండిని అంగుళం కూడా నడపవద్దు. రెండిటినీ సరిచేయించాకే కదపాలి.

మాడు వాసన, పొగ

బానెట్ కింద సన్నటి పొగ అయితే ఒలికిన ఆయిల్ వేడి సైలెన్సర్ గొట్టం మీద కాలుతోంది. చల్లారాక తుడిస్తే కొద్ది ప్రయాణంలో పోతుంది. పోకపోతే కారుతోందేమో చూడాలి. వెనక గొట్టంలోంచి నీలిపొగ వస్తే మట్టం ఎక్కువైందేమో చూడండి.

కొన్ని రోజులకే నల్లబడింది

డీజిల్ బండిలో ఇది మామూలే, మసిని తనలో పట్టి ఉంచడం ఆయిల్ పని. కానీ పోయకుండానే మట్టం పెరుగుతూ ఉంటే డీజిల్ కలుస్తోందని అనుమానించాలి. చిన్న ప్రయాణాలే ఎక్కువ చేసే బండ్లలో పొగగొట్టంలో మసిని పట్టే వడపోత (డీపీఎఫ్) తనను తాను శుభ్రపరచుకోవడం మధ్యలో ఆగిపోవడం దీనికి కారణం కావచ్చు.

చిక్కటి ఆయిల్ ఇంజిన్‌కు బలమన్న మాటను కొత్త కార్ల విషయంలో నమ్మవద్దు. వాల్వులు తెరుచుకునే సమయాన్ని ఆయిల్ ఒత్తిడితోనే మార్చే ఇంజిన్‌కు పుస్తకంలో 0డబ్ల్యూ-20 (పలుచటి ఆయిల్ రకం) అని రాసి ఉంటే అదే పోయాలి. ఆయిల్ బిల్లు, ఫిల్టరు నంబరు, తేదీ, కిలోమీటర్లు ఒకచోట రాసి పెట్టుకోండి. వారంటీ ప్రశ్న వచ్చినప్పుడు మీరు చేసిన పనికి అవే సాక్ష్యం.